ట్రిప్ అయిన పేజీ నంబర్ రాసుకోండి

దేవరకొండ దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని నేను. నైట్ డ్యూటీలో గంటగంటకూ లాగ్‌షీట్‌లో వోల్టులు, ఆంపియర్లు ఎక్కించాలి. మధ్యలో దొరికే టైములో చదువుతా. మా సార్లు ఇది చూడరనే ధైర్యంతో ఈ మాట రాస్తున్నా. చదివేవి ఎక్కువగా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ. అదీ రచయితలు చేతి డబ్బులు పెట్టుకొని మూడొందలో, అయిదొందలో కాపీలు వేసుకున్నవి. వాటికి రివ్యూ రాసేవాళ్లు తక్కువ. రాద్దామని ఉండి ఎట్లా మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం నా పద్ధతి చెప్తా.

పుస్తకం పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తీసుకెళ్లే లైన్, ట్రిప్ అయితే (దానంతటదే ఆగిపోతే) మేం ముందు టైము రాసుకుంటాం. తర్వాత ఒకసారి చార్జ్ చేసి, అంటే మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తాం. నిలబడితే సరే. వెంటనే మళ్లీ ట్రిప్ అయితే లైన్‌లో ఎక్కడో ఫాల్ట్ ఉన్నట్టు. చదివేటప్పుడూ అంతే. కథ మీద నమ్మకం తెగిన చోట పేజీ నంబర్ వేసుకోండి. వెంటనే తిట్టుకోకుండా ఇంకో పది పేజీలు చదవండి. కథ మళ్లీ లాక్కుపోతే ఆ నంబర్ కొట్టేయండి. లాక్కుపోకపోతే ఎందుకు తెగిందో ఒక్క వాక్యం రాసుకోండి. మీ రివ్యూ ఆ వాక్యంలోంచే పుడుతుంది.

ఒకటి చూపిస్తా. ఈమధ్య చదివిన ఒక నవలలో అమ్మాయి అంగారకుడి మీద ఉంటుంది, వాళ్లమ్మ కొల్లాపూర్‌లో. 143వ పేజీలో ఇద్దరూ మన వీడియో కాల్ లాగా టకటకా మాట్లాడుకుంటారు. నాకు అక్కడే ట్రిప్ అయింది. అంగారకుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా సిగ్నల్ ఒకవైపు చేరడానికే 3 నిమిషాలు పడుతుంది, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాల దాకా. ఇది తప్పు అని రాసి ఊరుకుంటే అది పేపర్ దిద్దడం. రివ్యూలో నేను రాసింది వేరు. "తిన్నవా బిడ్డా" అని అమ్మ అడిగితే "తిన్ననమ్మా" అనే జవాబు ముప్పావు గంటకు వస్తుంది. ఈలోపు ఆమె గిన్నెలు తోమేసి, తలుపు గొళ్లెం పెట్టి, ఫోన్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. అంత మంచి సీను చేతికొచ్చి జారిపోయింది. సైన్సు తప్పిందనే లెక్క కన్నా దానివల్ల కథ ఏం పోగొట్టుకుందో చెప్పండి. రచయితకు పనికొచ్చేది అదే, పాఠకుడికి అర్థమయ్యేదీ అదే.

ఫాంటసీకి ఈ సైన్సు కొలత పనికిరాదు. మా నల్గొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలోని లింగం మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. స్తంభాల అమరిక, వెలుతురు లోపలికొచ్చే తీరు దానికి కారణమని చెప్తారు. ఒక నవలలో మాత్రం ఆ నీడ ఒక కాపలా మనిషి. ఆయనకు పగలే బలం, చీకటి పడితే ఏమీ చేయలేడు. బాగుంది, ఒప్పుకున్నా. కానీ చివర్లో అమావాస్య రాత్రి అదే నీడ లేచి హీరోను కాపాడుతుంది. రచయిత తన నియమాన్ని తనే తప్పాడు. నీడకు ప్రాణం ఎట్లా వచ్చిందని అడగొద్దు. ఇచ్చిన మాట మీద కథ నిలబడిందా అనేదే అడగాలి. అందుకే ఫాంటసీ చదివేటప్పుడు మొదటి యాభై పేజీల్లో రచయిత పెట్టిన నియమాలన్నీ కాగితం పైభాగంలో రాసుకుంటా.

అచ్చుతప్పుల దగ్గర కొంచెం ఆగండి, నేను ఇక్కడే పరువు పోగొట్టుకున్నా. ఒక పుస్తకంలో పేజీకి నాలుగు చోట్ల ఒత్తులు లేవు. "ఈయనకు తెలుగే రాదు" అని రాసేశా. రెండు రోజుల తర్వాత ఆ రచయిత ఫోన్ చేశాడు. కోపం లేదు, గొంతు మాత్రం చిన్నగా ఉంది. "అన్నా, ఫైల్ పంపుతున్నా, ఒక్కసారి చూడు" అన్నాడు. చూస్తే ఒక్క తప్పు లేదు. యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల పద్ధతి) ఉన్నదాన్ని డీటీపీ షాపులో అచ్చు కోసం వాడే అనూ ఫాంట్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి, ప్రూఫ్ మళ్లీ చూసుకోవడానికి టైమివ్వలేదు. సారీ చెప్పి ఆ ముక్క తీసేశా. అప్పటినుంచి ఒకే రకం తప్పు వరసగా కనిపిస్తే ముందు రచయితను అడుగుతా. అచ్చుతప్పు వేరు, వాక్యం వేరు. వాక్యమే నడవకపోతే అది రచయితదే. అచ్చంపేట యాసలో మాట్లాడే గ్రహాంతరవాసిని తప్పుల్లో వేయకండి, అది ఆ పుస్తకం అందం.

పుస్తకం మధ్యలో వదిలేయవచ్చా అని అడుగుతారు. వదిలేయవచ్చు. మార్క్ లారెన్స్ అనే ఇంగ్లీషు ఫాంటసీ రచయిత 2015లో సొంతంగా వేసుకున్న నవలలకు ఒక పోటీ మొదలుపెట్టాడు. దాదాపు 300 పుస్తకాలను పది సమీక్ష బ్లాగులకు తలా ముప్పై పంచుతారు, ఒక్కో బ్లాగు ఒకటే ఫైనల్‌కు పంపాలి. అక్కడ కూడా ముప్పైనీ చివరిదాకా చదవాలనే రూలు లేదు. కాకపోతే ఎన్ని పేజీలు చదివారో చెప్పండి. పుస్తకం కొన్నారా, ఊరికే వచ్చిందా, రచయిత మీ బావమరిదా, అదీ ఒక్క ముక్క చెప్పండి. కథ మొదటి మూడో వంతు దాటి బయటపెట్టకండి. పుస్తకంలోని ఒక వాక్యమైనా ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి, వందసార్లు "శైలి బాగుంది" అనడం కన్నా నయం. స్టార్లు నేను ఇవ్వను.

ఇక మిగిలిన చిన్నచిన్న తప్పుల లిస్టు పేజీ నంబర్లతో రచయితకే పంపండి, నలుగురిలో వద్దు. అంగారకుడి నవల రాసినాయనకు 143తో కలిపి పదకొండు నంబర్లు పంపా. "రెండో ముద్రణలో మారుస్తా, అన్నా" అని జవాబిచ్చాడు. మొదటి ముద్రణవి ఇంకా 180 కాపీలు ఆయన మంచం కిందే ఉన్నాయట.