పశువు చనిపోతే పరిహారం: పాతిపెట్టే ముందే చేయాల్సిన పని

బెంగళూరు చుట్టూ ఆనేకల్, హొసకోటె, దేవనహళ్ళి వైపు పాడినీ గొర్రెలనూ నమ్ముకున్న మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవు పోతే ప్రభుత్వం ఎంతోకొంత ఇస్తుందని వాళ్ళకు తెలుసు. అయినా దరఖాస్తు పట్టుకుని వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువ. దాదాపు అందరిదీ ఒకటే కారణం: పోస్ట్‌మార్టం రిపోర్టు లేదు.

ముందుగా, ఏ ఆఫీసుకు వెళ్ళాలి? వరదలోనో పిడుగు పడో పోతే తహసీల్దారు ఆఫీసు. చిరుతో మరో అడవి జంతువో చంపితే అటవీ శాఖ రేంజ్ ఆఫీసు. ప్రమాదంలో పోతే దగ్గరి పశువుల ఆసుపత్రి. అక్కడ వర్తించేది కర్ణాటక ప్రభుత్వ అనుగ్రహ పథకం. 2025-26 బడ్జెట్‌లో ఈ పథకం కింద ఆవు, గేదె, ఎద్దుకు ఇచ్చే మొత్తాన్ని 10,000 నుంచి 15,000 రూపాయలకు, గొర్రె, మేకకు 5,000 నుంచి 7,500కు పెంచారు. వరదకో పిడుగుకో పోయినప్పుడు తహసీల్దారు ఆఫీసు ద్వారా వచ్చే విపత్తు సహాయ నిధి లెక్క వేరు. 2022-26 నిబంధనల ప్రకారం పాడి ఆవుకు, గేదెకు 37,500, ఎద్దుకు 32,000, గొర్రెకు 4,000. చావుకు కారణం ఏమని రాస్తే ఆ ఆఫీసు, ఆ మొత్తం. ఇన్సూరెన్స్ చేయించిన పశువైతే ముందు ఆ కంపెనీకి కబురు చేయాలి.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫ్రూట్స్ ఐడీ (కర్ణాటకలో రైతుగా నమోదైనవాళ్ళకు ఇచ్చే నంబరు) మామూలే. ఖాతాకు ఆధార్ లింక్ అయితే సరిపోదు, ప్రభుత్వ డబ్బు పడేలా సీడింగ్ కూడా అయిందో లేదో బ్యాంకులో అడగండి.

ఇక అసలు విషయం. పశువు ప్రాణం పోగానే పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎవరికి చేయాలో తెలియకపోతే 1962కు చేయండి. డాక్టరు వచ్చి కళేబరాన్ని చూసి, పోస్ట్‌మార్టం చేసేదాకా పాతిపెట్టకూడదు, చర్మం ఒలవనివ్వకూడదు. ఎండాకాలంలో వాసన వస్తుందని, ఇరుగుపొరుగు గొడవ చేస్తారని సాయంత్రానికల్లా గొయ్యి తీసేస్తారు. ఇంట్లో బిడ్డలా పెంచిన పశువును అలా పడేసి ఉంచడానికి మనసొప్పదు, అది అర్థమవుతుంది. కానీ మట్టి కప్పాక ఏ డాక్టరూ కారణం రాసి సంతకం పెట్టలేడు. కుక్కలు లాగకుండా ఒకరిని కాపలా పెట్టండి. ఈలోగా చెవి ట్యాగ్ మీది 12 అంకెలు కనిపించేలా ఒక ఫోటో, కళేబరమంతా వచ్చేలా ఒకటి, యజమాని పక్కన నిలబడి ఒకటి తీసుకోండి. ట్యాగ్ కోసి ఎవరి చేతికీ ఇవ్వకండి.

చిరుత చంపిందనుకుంటే కళేబరాన్ని ఉన్నచోటి నుంచి కదపకండి. అటవీ సిబ్బంది పాదాల గుర్తులు, గాట్లు చూడాలి. కోపంతో మాంసంలో విషం కలపడం మాత్రం వద్దు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పరిహారం మాట అటుంచి కేసు మెడకు చుట్టుకుంటుంది.

రెండో చిక్కు కన్నడంలో రాసిన కాగితాలు. చదవడం రానివాళ్ళు మధ్యవర్తి రాసిచ్చినదాని మీద వేలిముద్ర వేసేస్తారు. చిరుత చంపిన ఆవుకు అతను దరఖాస్తులో రోగమని రాస్తే, మహజరులో (చోటు చూసి సిబ్బంది రాసే పంచనామాలో) మరొకటి, డాక్టరు రిపోర్టులో ఇంకొకటి ఉంటుంది. ఫైలు అక్కడే ఆగిపోతుంది. సంతకానికి ముందు బడికెళ్ళే పిల్లల చేతైనా మూడు కాగితాలూ పైకి చదివించండి. చనిపోయిన తేదీ, కారణం, ట్యాగ్ నంబరు మూడింటిలోనూ ఒకటే ఉండాలి.

సగం నాకిస్తే శాంక్షన్ చేయిస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది, మధ్యలో అతను చేసేదేమీ లేదు. నిధులు విడుదల కావడానికి ఆలస్యం కావచ్చు, దానికి టెన్షన్ పడి ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టకండి. దరఖాస్తు ఇచ్చిన రోజే తేదీ, ముద్ర ఉన్న రసీదు అడిగి తీసుకోండి. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.