భారీ అప్‌డేట్‌తో ట్రాన్సాక్షన్ లాగ్ నిండిపోతుంటే

సమస్య

ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో కోటి రికార్డులున్న టేబుల్ మీద ఒకే అప్‌డేట్ నడిపారు. డేటా ఫైలు పెద్దగా పెరగలేదు. ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్ ఫైలు మాత్రం డిస్కు నిండేదాకా పెరిగి, 9002 ఎర్రర్‌తో పని ఆగిపోయింది.

ఈ దశలో సర్వీసును రీస్టార్ట్ చేయకండి, లాగ్ ఫైలును డిలీట్ చేయకండి. అప్పటిదాకా జరిగిన మార్పులు రోల్‌బ్యాక్ అవుతుంటాయి, అంటే పాత స్థితికి వెనక్కి పోతుంటాయి. మధ్యలో ఆపితే డేటాబేస్ తిరిగి లేచేటప్పుడు ఆ పని పూర్తి చేయాల్సిందే. అందాకా డేటాబేస్ అందుబాటులోకి రాకపోవచ్చు.

కారణం

సిస్ డాట్ డేటాబేసెస్ వ్యూలో లాగ్ రీయూజ్ వెయిట్ డెస్క్ కాలమ్ చూడండి. లాగ్‌లోని పాత చోటును మళ్లీ వాడుకోకుండా అడ్డుపడుతున్నదేమిటో అందులో ఉంటుంది. 'లాగ్ బ్యాకప్' అని ఉంటే డేటాబేస్ ఫుల్ (లేదా బల్క్ లాగ్డ్) రికవరీ మోడల్‌లో, అంటే బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను ఉంచే పద్ధతిలో ఉంది, లాగ్ బ్యాకప్ జరగడం లేదు. వెంటనే ఒకటి తీయండి. 'అవైలబిలిటీ రెప్లికా' అయితే డేటాబేస్ నకలు ఉండే సెకండరీ సర్వర్ వెనకబడింది.

'యాక్టివ్ ట్రాన్సాక్షన్' (ఇంకా ముగియని మార్పుల గుంపు) అని ఉంటే అడ్డం మీ అప్‌డేటే. చాలామంది ఇక్కడే పొరబడి, లాగ్ బ్యాకప్ అవసరం లేని సింపుల్ రికవరీకి మారుస్తారు. దానివల్ల ఈ సమస్య తీరదు. ఏ మోడల్‌లోనైనా అప్‌డేట్ పూర్తిగా లాగ్ అవుతుంది. ట్రాన్సాక్షన్ ముగిసేదాకా, అది మొదలైన చోటు నుంచి లాగ్‌లో ఏదీ ఖాళీ కాదు. రోల్‌బ్యాక్ కోసం అదనపు చోటు కూడా ఎస్‌క్యూఎల్ సర్వర్ ముందే కేటాయించి ఉంచుతుంది. పైగా ఫుల్ నుంచి సింపుల్‌కి మారిస్తే లాగ్ బ్యాకప్‌ల గొలుసు తెగిపోతుంది.

పరిష్కారం

అప్‌డేట్‌ను ముక్కలు చేయండి. ప్రైమరీ కీ వరుసలో ఒక్కో విడతకు 4000 రికార్డులు తీసుకుని, ప్రతి విడతకూ కమిట్ చేయండి, అంటే మార్పులను ఖాయం చేయండి. ఒక స్టేట్‌మెంట్ ఒకే టేబుల్ మీద దాదాపు 5000 లాక్‌లు (ఆ రికార్డులను ఇతరులు మార్చకుండా వేసే తాళాలు) తీసుకుంటే అవి టేబుల్ లాక్‌గా మారే ప్రమాదం ఉంది. అందుకే అంతకన్నా తక్కువ. కీ వరుస లేకుండా టాప్ (ఇన్ని రికార్డులే అనే పరిమితి) ఒక్కటే వాడితే, ప్రతి విడతా మొదటి నుంచి వెతుక్కుంటూ రానురాను నెమ్మదిస్తుంది.

ఈ విడతలను నడిపే లూప్ చుట్టూ ఇంకో బిగిన్ ట్రాన్ (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే ఆదేశం) ఉందేమో తప్పక చూడండి. ఉంటే లోపలి కమిట్‌లకు విలువ ఉండదు, లాగ్ మళ్లీ నిండుతుంది. తెరిచి ఉన్న అన్నింటికన్నా పాత ట్రాన్సాక్షన్‌ను డీబీసీసీ ఓపెన్‌ట్రాన్ చూపిస్తుంది.

పని సగంలో ఆగినా కొనసాగించేలా, చివరిగా పూర్తయిన కీని చిన్న టేబుల్‌లో అదే ట్రాన్సాక్షన్‌లో రాయండి. లేకపోతే ధరలను పది శాతం పెంచే అప్‌డేట్ కొన్ని రికార్డుల మీద రెండుసార్లు పడుతుంది.

ఫుల్ రికవరీలో అయితే, పని నడిచినంతసేపూ లాగ్ బ్యాకప్‌లను దగ్గర దగ్గరగా తీయండి. డీబీసీసీ ఎస్‌క్యూఎల్‌పెర్ఫ్ లాగ్‌స్పేస్‌తో వాడకం శాతం గమనిస్తూ ఉండండి.

అంతా అయ్యాక లాగ్ ఫైలును ఒక్కసారి ష్రింక్ చేయండి (కుదించండి), మామూలు రోజుల్లో అవసరమైనంత సైజు ఉంచి. తగ్గకపోతే యాక్టివ్ భాగం ఫైలు చివర ఉన్నట్టు. లాగ్ బ్యాకప్ తీసి మళ్లీ ప్రయత్నించండి. ఆటోగ్రోత్‌ను (ఫైలు తనంతట తాను పెరిగే మోతాదును) శాతంలో కాకుండా ఎంబీల్లో పెట్టండి.