వానల్లో ఈనే మేకలు: పిల్ల చల్లబడితే ముందు ఏం చేయాలి

2021 నవంబరు మూడో వారంలో, తిరుపతి వీధుల్లో వరద నీళ్లు పారిన రోజుల్లో, చంద్రగిరి దగ్గర మా దొడ్డిలో ఒక తొలిచూలు మేక అర్ధరాత్రి దాటాక కవలలను ఈనింది. ఒక పిల్ల తడబడుతూ లేచి నిలబడింది. రెండోది తడి గోనెసంచి మీద మెడ వాల్చేసి పడి ఉంది. ఆకలికి సొమ్మసిల్లిందనుకుని తల్లి పాలు పిండి చెంచాతో దాని నోట్లో పోశాను. పాలు లోపలికి పోతుంటే బతికిపోయిందనే అనుకున్నాను. కాసేపటికి ముక్కులోంచి నురగ వచ్చింది. తెల్లవారేలోగా చనిపోయింది.

తరువాత పశువైద్యుడు వివరించాడు. ఒళ్లు చల్లబడిన పిల్లకు మింగే శక్తి ఉండదు, పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఒకవేళ కడుపులోకి దిగినా, చల్లటి కడుపు వాటిని అరిగించుకోలేదు. అందుకే ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు. ఈ వరుస తెలియక మన ఊళ్లలో ఎన్ని పిల్లలు పోతున్నాయో తలచుకుంటే బాధగా ఉంటుంది. వానలు మొదలయ్యేలోపే ఇది రాస్తున్నది అందుకే.

జూన్, జూలై నెలల్లో తొలకరి పచ్చిక మేసి చూడి కట్టిన మేకలు సుమారు 150 రోజులకు, అంటే నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి. ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాలను తడిపేదీ, తుపానులు వచ్చేదీ అప్పుడే. పలమనేరు, కుప్పం వంటి ఎత్తు ప్రాంతాల్లో దానికి చలి కూడా తోడవుతుంది. రెండు కిలోల పిల్ల, ఒళ్లంతా ఉమ్మనీటితో తడిసి, ఈదురుగాలిలో పడిందంటే అరగంటలోనే చల్లబడిపోవచ్చు.

కాబట్టి అక్టోబరులోనే దొడ్డిని చూసుకోండి. కప్పు కారే చోట్లు మూయండి. గాలి కొట్టే వైపు నేల నుంచి మోకాలి ఎత్తు దాకా గోనెపట్టాలు కట్టండి, పైన మాత్రం గాలి ఆడనివ్వండి. నలువైపులా మూసేస్తే మూత్రం ఘాటు నిలిచిపోయి పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నేల తడిగా ఉంటే ఎంత కప్పినా లాభం లేదు. వేరుశనగ పొట్టు మన దగ్గర దొరుకుతుంది, దాన్ని మందంగా పరచి పైన వరిగడ్డి వేస్తే పిల్ల పడుకునే చోటు పొడిగా ఉంటుంది. మోకాళ్లు ఆనించి అర నిమిషం కూర్చోండి. పంచెకు చెమ్మ తగిలిందంటే పిల్లకూ తగులుతున్నట్టే.

చూడి మేకకు ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు చిటుక రోగం (ఉన్నట్టుండి ప్రాణం తీసే పేగుల జబ్బు) టీకా వేయిస్తే, ఆ రక్షణ జున్నుపాల ద్వారా పిల్లకు అందుతుంది. నులిపురుగుల మందు కూడా అప్పుడే వైద్యుడిని అడిగి వేయించండి. ఏ మందు చూడి మేకకు పనికివస్తుందో, ఏది పనికిరాదో దుకాణంలో అడిగి తేల్చుకోవద్దు.

ఒక చిన్న పెట్టె సిద్ధం చేసి దొడ్డి దగ్గరే పెట్టుకోండి. మా పెట్టెలో పాత తువ్వాళ్లు, టింక్చర్ అయోడిన్, కొత్త బ్లేడు, చేతి తొడుగులు, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, పాలసీసా, రెండు రబ్బరు చనుమొనలు, గ్లూకోజు పొడి, టార్చిలైటు ఉంటాయి. వీటిలో ఒక్కటే కొనగలిగితే థర్మామీటరు కొనండి. దాని ధర ఒక పిల్ల ధర ముందు ఎంత?

ఈనిన వెంటనే ముక్కు, నోటిలోని జిగురు తీసి, తువ్వాలుతో గట్టిగా రుద్దండి. ఆ రుద్దుడుకు ఊపిరి కూడా కదులుతుంది. తల్లి నాకుతూ ఉంటే అడ్డుపడవద్దు, ఆ నాకుడుతోనే పిల్ల వాసన దానికి గుర్తుండిపోతుంది. బొడ్డు పొడవుగా వేలాడుతుంటే రెండంగుళాలు వదిలి కత్తిరించి, మిగిలిన కొన మొత్తం అయోడిన్‌లో మునిగేలా ముంచండి. పైపైన పూస్తే చాలదు. తడి నేల మీది క్రిములు ఆ బొడ్డు గుండానే లోపలికి వెళ్లి కీళ్ల వాపు తెస్తాయి. మాయ, ఉమ్మనీరు ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. నెలలు నిండకుండా పడిపోయిన పిండాన్ని అసలే ఒట్టి చేత్తో తాకవద్దు, మేకలకు గర్భస్రావం తెచ్చే బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు మనుషులకూ అంటుకుంటాయి. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఇక జున్నుపాలు. ముర్రుపాలన్నా ఇవే. మేకపిల్ల రోగనిరోధక శక్తి లేకుండా పుడుతుంది, అది ఈ పాలలోంచే రావాలి. ఆ రక్షణను పేగులు పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే. అందులోనూ గంట గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. గంటలోపు మొదటి గుక్క పడేలా చూడండి. చనుమొన చివర మైనం లాంటి బిరడా ఉంటుంది, ముందు ఒకటి రెండు ధారలు పిండి అది తీసేయండి. పిల్ల చన్ను పట్టి కుడుస్తున్నట్టే కనిపించి, ఒక్క చుక్క కూడా దిగని సందర్భాలు చాలా చూశాను. కుడవలేని పిల్లకు సీసాతో పట్టాల్సి వస్తే కిలో బరువుకు ఒకసారికి 50 మిల్లీలీటర్లు, మొదటి రోజు నాలుగుసార్లు. రెండు కిలోల పిల్లకైతే ఒకసారికి వంద. ఇంట్లో జున్ను వండుకోవాలన్న ఆశ, ఇరుగుపొరుగుకు పంచాలన్న మర్యాద పిల్లలన్నీ తాగాకే. మిగిలితే కొంత చిన్న సీసాల్లో పోసి ఫ్రీజరులో దాచండి. తల్లి చనిపోయిన పిల్లకు అవే ప్రాణం. వాడేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచి కరిగించాలి. పొయ్యి మీద కాచారంటే అందులోని రక్షణ అంతా పోతుంది.

ఇప్పుడు బలహీనమైన పిల్ల దగ్గరకు వద్దాం. మీ చూపుడు వేలిని దాని నోట్లో పెట్టండి. నోరు వెచ్చగా ఉండి వేలిని చీకుతుంటే అది కేవలం ఆకలి, పాలు పట్టండి. నోరు చల్లగా ఉందా, పెదవులు కదలడం లేదా, థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడండి. 102 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే మామూలే. 99కీ 102కీ మధ్య ఉంటే తుడిచి, ఆరబెట్టి, వెచ్చని చోట ఉంచాలి. వేలిని చీకుతుంటే పాలు పట్టవచ్చు. 99 కంటే తగ్గిందంటే ప్రమాదం. అప్పుడు నోట్లో పాలు పోయకండి.

ఆ స్థితిలో మేము చేసేది ఇది. పిల్లను మెడ దాకా పెద్ద ప్లాస్టిక్ సంచిలో ఉంచి, తల బయట పట్టుకుని, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో దించుతాము. నీళ్లు మోచేయి పెట్టి చూస్తే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. చల్లారుతున్నప్పుడల్లా పక్కనుంచి వేడినీళ్లు కలుపుతూ ఉండాలి. సంచి ఎందుకంటే వెంట్రుకలు తడవవు, తల్లి గుర్తుపట్టే వాసనా పోదు. 20 నిమిషాలకో అరగంటకో చెవులు వెచ్చబడతాయి, కాళ్లు తన్నడం మొదలవుతుంది. నోట్లో వేలు పెడితే చీకాలని ప్రయత్నిస్తుంది. ఆ చీకడం కనిపించాకే సీసా అందుకోండి.

ఇక్కడొక మెలిక ఉంది. పుట్టి ఐదు గంటలు దాటిన పిల్ల చల్లబడి ఉంటే దాని ఒంట్లో నిల్వ శక్తి అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అటువంటి పిల్లను ఒక్కసారిగా వెచ్చబెడితే రక్తంలో గ్లూకోజు పడిపోయి మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. దానికి ముందు పొట్టలోకి గ్లూకోజు ఇంజెక్షను ఇవ్వాలి, అది వైద్యుడే చేయాలి. వెంటనే పశువుల సంచార వైద్యశాల నంబరు 1962కు ఫోను చేయండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, కానీ వాగులు పొంగిన రాత్రి అక్కడికి చేరేదెలా? దగ్గరి వైద్యుడి నంబరు ముందే ఫోనులో దాచి ఉంచండి. వైద్యుడు వచ్చేలోగా తడి వేలితో గ్లూకోజు పొడి అద్దుకుని చిగుళ్లకు రాస్తూ ఉండండి. ధారగా పోయకూడదు.

వెచ్చదనం కోసం కుంపటి తెచ్చి మూసిన కొట్టంలో పెట్టవద్దు. బొగ్గుల గాలికి పిల్లే కాదు, పక్కన కాపలా కూర్చున్న మనిషి కూడా చనిపోవచ్చు. బల్బు వేలాడదీస్తే మూడు అడుగుల ఎత్తులో, గొలుసుతో కట్టండి, తీగ మీద భారం పడనివ్వవద్దు. కింద ఉన్నది ఎండుగడ్డి అని మరవకండి. వానకు తడిసిన తీగలను ఈ కాలంలో రోజూ చూడాలి.

గంప విషయం కూడా చెప్పాలి. తల్లులు మేతకు వెళ్లినప్పుడు పిల్లలను గంప కింద మూయడం మనకు అలవాటే, కుక్కల నుంచి అదే కాపాడుతుంది. కానీ వానకాలంలో ఒకే గంపను అదే చోట బోర్లిస్తూ పోతే కింద నేల బురదై, పిల్లల మూత్రమే వాటి పొట్టలకు అంటుకుంటుంది. రోజూ చోటు మార్చండి, కింద కొత్త పొట్టు వేయండి. ఒక గంప కింద నాలుగు కంటే ఎక్కువ పిల్లలను ఉంచకండి. బలహీనమైనదాన్ని మిగతావి తొక్కేస్తాయి.

పారుడు పట్టిన పిల్లకు పాలు ఆపవద్దు. పాలకూ పాలకూ మధ్య, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల (టీస్పూన్ల) చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. అవి పాలలో కలపకూడదు. కళ్లు లోపలికి పోయినా, మెడ మీద చర్మం పట్టి వదిలితే వెనక్కి పోకుండా నిలిచినా, విరేచనంలో రక్తం కనిపించినా వైద్యుడు చూడాల్సిందే. మనుషుల మాత్రలు విరిచి వేయవద్దు.

సీసా పట్టేటప్పుడు మనుషుల బిడ్డలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టవద్దు. పిల్లను నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, తల్లి కింద కుడిచినంత ఎత్తులోనే సీసా పట్టండి. తల మరీ పైకెత్తితే పాలు దారి తప్పుతాయి.

కోలుకున్న పిల్లను వీలైనంత త్వరగా తల్లి దగ్గరికి చేర్చండి. తొలిచూలు మేక దగ్గరకు రానీయకపోతే, గోడకు ఆనించి పట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు కుడిపించాలి. చాలావరకు రెండు మూడు రోజుల్లో అదే ఒప్పుకుంటుంది. చన్ను పట్టిన పిల్ల తోకను చూస్తూ ఉండండి. అది చకచకా ఊగుతూ, కుడిచాక పొట్ట కాస్త నిండుగా కనిపిస్తే పాలు దిగినట్టే. ఆ రాత్రికి మీరు కాసేపు నడుం వాల్చవచ్చు.