బెర్నార్డ్ హెర్మన్ బీజీఎం ఎంజాయ్ చేయాలంటే ముందు టీవీ మ్యూట్‌లో పెట్టండి

మనకి సినిమా మ్యూజిక్ అంటే ముందు పాటలు, బీజీఎం తర్వాతే. అందుకే పాత హాలీవుడ్ స్కోర్లు భలే ఉంటాయంట అని ఎవరో చెప్తే ఆల్బమ్ పెట్టుకుని, రెండు నిమిషాలు ట్యూన్ కోసం వెతుక్కుని, ఇదేంట్రా బాబూ ట్యూనే లేదు అని ఆపేస్తాం. హాలీవుడ్ కంపోజర్ హెర్మన్ విషయంలో నేనూ సరిగ్గా ఇదే చేశా, అది కూడా ఫోన్ స్పీకర్‌లో. ఆయన మొదటి సినిమా 1941లో వచ్చిన సిటిజన్ కేన్, అది మొదలవ్వడమే ట్రాంబోన్లు, ట్యూబాలు, బాగా లోతుగా పలికే క్లారినెట్లతో మొదలవుతుంది, ఫోన్‌లో అవేవీ వినపడవు, ఏదో గుసగుస తప్ప. కాబట్టి మొదటి మాట, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఖరీదైనవి అక్కర్లేదు, బేస్ వినపడితే చాలు.

రెండోది, ఆల్బమ్‌తో మొదలెట్టకండి, సినిమాతో మొదలెట్టండి. సైకో (1960) తీసుకోండి. హీరోయిన్ ఆఫీసు డబ్బు 40,000 డాలర్లు కొట్టేసి కారులో పారిపోతుంటుంది కదా, చీకటి పడుతుంది, వాన మొదలవుతుంది, వైపర్లు ఆడుతుంటాయి. ఆ సీన్ ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ఒకావిడ కారు నడుపుతోంది, అంతే, డ్యూటీ అయిపోయి ఇంటికెళ్తోంది అనుకున్నా తేడా రాదు. ఇప్పుడు వెనక్కెళ్లి సౌండ్ పెట్టి చూడండి, వయొలిన్లు టకటకా తరుముతుంటాయి, వెనక ఏ కారూ రాకపోయినా ఎవరో వస్తున్నట్టే ఉంటుంది, అదే రోడ్డు, అదే మొహం. ఆ మ్యూజిక్ కొత్తది కూడా కాదు, టైటిల్స్‌లో వచ్చిందే మళ్లీ తెచ్చాడు. నాకు హెర్మన్ అర్థమైంది ఇక్కడే.

ఇక ట్యూన్ సంగతి. పొడుగాటి మెలోడీలు రాయడం ఆయనకి పెద్దగా నచ్చేది కాదు, రెండు మూడు స్వరాల ముక్క పట్టుకుని దాన్నే తిప్పితిప్పి కొడతాడు. హమ్ చేసుకోడానికి ఏమీ దొరకదు, కానీ సినిమా అయిపోయాక కూడా ఆ ముక్క బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ట్యూన్ వదిలేసి, ఏ వాయిద్యాలు ఉన్నాయి, ముఖ్యంగా ఏవి లేవు అని హాజరు వేసుకోండి. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో చాలామంది కంపోజర్లు స్కెచ్ రాసిచ్చి ఆర్కెస్ట్రేషన్ వేరేవాళ్లకి వదిలేసేవాళ్లు, ఈయన మాత్రం ఏ వాయిద్యం ఏం వాయించాలో మొత్తం తనే రాసుకునేవాడు, అందుకే ఒక వాయిద్యం లేదంటే కావాలనే తీసేశాడని అర్థం. సైకోలో మొత్తం వయొలిన్ కుటుంబమే, డ్రమ్ము లేదు, ఫ్లూట్ లేదు, బ్రాస్ (ట్రంపెట్‌లాంటి ఇత్తడి వాయిద్యాలు) లేదు. జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్ (1959)లో రివర్స్, వయొలిన్లే లేవు, ఒక పెద్ద చర్చి ఆర్గాన్, నాలుగు ఎలక్ట్రిక్ ఆర్గాన్లు పెట్టి భూమి లోపలికి దింపేస్తాడు. ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్ (1951)లో రెండు థెరమిన్లు, అంటే చెయ్యి తగలకుండా గాల్లో ఊపి వాయించేది, గ్రహాంతరవాసి అనగానే వచ్చే ఆ ఊళ సౌండ్ అదే.

మళ్లీ సైకోకే వస్తున్నా, ఏం అనుకోకండి. వయొలిన్ తీగల కింద బ్రిడ్జి ఉంటుంది కదా, దానికి చిన్న క్లిప్పులాంటిది తగిలిస్తే సౌండ్ మెత్తబడుద్ది, దాన్నీ మ్యూట్ అనే అంటారు. సినిమా అంతా వయొలిన్లకి ఆ మ్యూట్ ఉంటుంది, షవర్ కింద కత్తితో పొడిచే ఆ ఒక్క సీన్‌లో తప్ప. అప్పటిదాకా నోరు నొక్కిపెట్టి ఒక్కసారి వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, కత్తి కంటే ముందు అదే గుచ్చుకుంటుంది. తమాషా ఏంటంటే డైరెక్టర్ హిచ్‌కాక్ ఆ సీన్‌కి మ్యూజిక్కే వద్దన్నాడు, హెర్మన్ వినకుండా రాసేశాడు, అది విన్నాక పెద్దాయన ప్లేటు ఫిరాయించాడు.

తర్వాత వర్టిగో (1958). తొందరపడి ఫోన్ చూస్కుంటూ చూసే సినిమా కాదిది. డిజైనర్ సాల్ బాస్ చేసిన టైటిల్స్‌లో సుడులు తిరుగుతుంటే మ్యూజిక్ కూడా ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందకి తిరుగుతుంటుంది. ఆ తర్వాత హీరో కారులో శాన్ ఫ్రాన్సిస్కో అంతా హీరోయిన్ వెనకాల తిరిగే చోట చాలాసేపు మాటలుండవు, కథ చెప్పే పని మొత్తం మ్యూజిక్‌దే. హోటల్ గదిలో ఆకుపచ్చ నియాన్ వెలుగులో ఆమె బయటికొచ్చే సీన్ మాత్రం రాత్రి లైట్లు ఆపేసి చూడండి.

హిచ్‌కాక్‌దే ఇంకో సినిమా ది బర్డ్స్‌లో అసలు బీజీఎమ్మే లేదు, హెర్మన్ అక్కడ సౌండ్ కన్సల్టెంట్ మాత్రమే. 1966లో టార్న్ కర్టెన్ సినిమా దగ్గర హెర్మన్‌కీ హిచ్‌కాక్‌కీ చెడింది, ఆయన రాసింది హిచ్‌కాక్ పక్కన పెట్టేశాడు.

టాక్సీ డ్రైవర్ చివరికి ఉంచుకోండి. ముందే చూస్తే శాక్సఫోన్ బాగుంది అనిపించి వదిలేస్తారు. 1975 డిసెంబర్ 23న దాని రికార్డింగ్ ముగించుకుని హోటల్‌కి వెళ్లిన మనిషి తెల్లారేసరికి లేడు, సినిమా ఆయనకే అంకితమిచ్చారు. ఎండ్ టైటిల్స్ వస్తుంటే లేచిపోకండి, చిట్టచివర సైకోలోంచి తెచ్చిన మూడు స్వరాల ముక్క ఒకటి వస్తుంది, ఈపాటికి మీ చెవే పట్టేస్తుంది.