కత్తుల సెట్టుకు పదివేలు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

డబ్బా మీద ‘14 పీసుల సెట్టు’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. డబ్బులు తీసే ముందు ఆ పద్నాలుగూ ఏమిటో వేలు పెట్టి లెక్కపెట్టండి. చాలా సెట్లలో ఆరు స్టేక్ కత్తులే ఉంటాయి, అంటే ప్లేటులో పెట్టుకున్న మాంసాన్ని కోసుకుని తినేవి. ఒక కత్తెర. ఒక గుండ్రటి ఉక్కు కడ్డీ. వీటిని నిలబెట్టే చెక్క స్టాండును కూడా ఒక పీసు కిందే లెక్కేస్తారు. అక్కడికే తొమ్మిది అయిపోయాయి. మిగిలిన ఐదింట్లో ఒకటి బ్రెడ్డు కోసే రంపపు పళ్ల కత్తి, ఒకటి పెద్ద మాంసం ముద్దను పలుచగా తీసే పొడవాటి కత్తి. మన దగ్గర బ్రెడ్డు ముక్కలుగానే దొరుకుతుంది, మటన్ షాపులోనే కొట్టించుకుని తెస్తాం. ఇక రోజూ చేతిలోకి వచ్చేవి రెండు: ఎనిమిది అంగుళాల పెద్ద కత్తి, మూడున్నర అంగుళాల చిన్న కత్తి. ఐదారు అంగుళాల మధ్య కత్తి ఉన్నా సరే, లేకున్నా సరే.

ఇప్పుడు లెక్క వేయండి. సెట్టు 12,000 రూపాయలు అనుకుందాం. మీరు వాడేవి రెండే అయితే ఒక్కో కత్తి 6,000 పడ్డట్టు. అదే కంపెనీవి, అదే రకంలో ఆ రెండు కత్తులు విడిగా ఎంతకు వస్తాయో చూడండి. ‘అదే రకం’ అన్నమాట మరిచిపోవద్దు. ఒకే కంపెనీ పేరు మీద రెండు మూడు రకాల ఉక్కు నడుస్తుంది, సెట్టులో ఏది పెట్టారో డబ్బా తిప్పి చదివితే గానీ తెలియదు. రెండూ కలిపి సెట్టు ధరలో సగం లోపే వస్తే సెట్టు వద్దు.

ఏది వాడతామో ఊహించి చెప్పడం కష్టం. అందుకే వారం రోజులు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఏ పూట ఏం కోశారో, దేనితో కోశారో రాయండి. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఒక ఇంట్లో ఆ కాగితం నిండా ఉల్లిగడ్డ, టమాట, పచ్చిమిర్చి, ఆలుగడ్డ, కొత్తిమీర, పుంటికూర కనిపిస్తాయి. ఇంట్లో అమ్మో అత్తమ్మో కత్తిపీట మీద కూర్చుని బీరకాయ, బెండకాయ కోస్తుంటే ఆ పని దానికే వదిలేయండి. కత్తిపీటలో అలుగు కదలదు, కూరగాయను రెండు చేతులతో పట్టుకోవచ్చు, ఆ వేగం అలవాటైన చేతికి నిలబడి కత్తితో కోసే పని నచ్చదు. అలాంటి ఇంటికి ఖరీదైన సెట్టు తెస్తే అది స్టాండులోనే ఉండిపోతుంది.

ఆ కాగితం మీద ఇంకో రకం పనులు కూడా రాసుకోండి: బెల్లం ముద్ద పగలగొట్టడం, కొబ్బరికాయ, తొక్కు కోసం మామిడికాయను టెంకతో సహా కోయడం, బొక్కలు, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చికెన్. ఖరీదైన కత్తులు పాడయ్యేది ఎక్కువగా వీటితోనే. ఉక్కు గట్టిగా, అంచు సన్నగా ఉన్న కొద్దీ పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ పక్కకు వంగే గుణం తగ్గుతుంది. బెల్లంలో కత్తి దించి అటూ ఇటూ మెలితిప్పితే అంచు వంగదు, పెచ్చు లేస్తుంది. దసరాకు యాటను కోసి పోగులు పెట్టే ఇళ్లలో కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతో కొట్టించిన మందపాటి కత్తిని మించింది లేదు. దానికి జంగు పడుతుంది, తుడిచి నూనె రాస్తే చాలు. మామిడికాయలకు మార్కెట్లో కోసిచ్చేవాళ్లున్నారు. ఈ పనులకు వేరే కత్తి పెట్టుకోలేని ఇంటికి, ఇంకా ఖరీదు పెట్టిన కొద్దీ నష్టమే ఎక్కువ.

ధరలో అసలు విలువ ఉక్కుది, దాన్ని పలుచగా నూరిన పనితనానిది. ‘సర్జికల్ స్టీల్’, ‘ప్రీమియం హై కార్బన్’ లాంటి మాటలతో ఏమీ తెలియదు. రకం పేరు వెతకండి. ‘ఎక్స్50సీఆర్ఎంఓవీ15’ (X50CrMoV15) అని బ్లేడు మీద చెక్కి ఉంటే అది జర్మన్ కత్తుల్లో మామూలుగా వాడే ఉక్కు. అందులో 50 అంటే కార్బన్ సుమారు 0.5 శాతం, 15 అంటే క్రోమియం సుమారు 15 శాతం. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 55 నుంచి 58 మధ్య ఉంటుంది. త్వరగా జంగు పట్టదు, కాస్త మొరటుగా వాడినా తట్టుకుంటుంది, మళ్లీ పదును పెట్టడం సులువు. ‘వీజీ-10’ జపాన్ ఉక్కు. దాంట్లో కార్బన్ సుమారు 1 శాతం, గట్టిదనం 60 దాకా. పదును చాలా రోజులుంటుంది, కానీ బొక్క తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. మన వంటకు మొదటి రకమే మేలు. రకం పేరు ఎక్కడా రాయని కత్తికి పెద్ద ధర పెట్టకండి.

బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలుండి ‘డమాస్కస్’ అని అమ్మే సెట్ల గురించి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద అలలు లోహంలోంచే పుట్టేవి. ఇప్పుడు షాపుల్లో ఆ పేరుతో వచ్చేవి వేరు. మంచివాటిలో మధ్యన గట్టి ఉక్కు పెట్టి, రెండు పక్కలా వేర్వేరు ఉక్కు పొరలు అతికిస్తారు. చవక వాటిలో మామూలు బ్లేడు మీద లేజర్‌తో గీతలు గీస్తారు. తేడా తెలియాలంటే కత్తి వెన్ను చూడండి: పొరలు నిజమైతే వెన్ను మీద కూడా సన్నటి గీతలుగా కనిపిస్తాయి, అంచు దగ్గరికి వచ్చేసరికి అలలు వంకరటింకరగా ఆగిపోయి కింద ఉత్త ఉక్కు ఉంటుంది. రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి వెన్ను నున్నగా ఉంటే అది గీత మాత్రమే. నిజం పొరలైనా కోతలో వచ్చే లాభం ఏమీ లేదు, కోసేది మధ్యలో ఉన్న ఉక్కే.

షాపులో కత్తి చేతికిమ్మని అడగండి. పిడిని మాత్రమే పట్టుకోకుండా, బొటనవేలు, చూపుడువేలు బ్లేడు మొదలును రెండు పక్కలా పట్టేలా పట్టుకోండి. బరువు వేళ్ల దగ్గర నిలవాలి, మొన కిందికి లాగకూడదు. అంచును చెక్క మీద ఆనిస్తే పిడి కింద వేళ్ల గణుపులు చెక్కకు తగలకూడదు, దానికి పెద్ద కత్తి అయితే పిడి దగ్గర బ్లేడు వెడల్పు 45 మిల్లీమీటర్లన్నా ఉండాలి. దారం సూదిలోకి ఎక్కించేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి వెన్ను వెంట చూడండి, వంకర అక్కడే బయటపడుతుంది. పిడికీ ఉక్కుకూ మధ్య గోరు దూరే సందుంటే ఆ కత్తి పక్కన పెట్టేయండి. ఆ సందులోకి నీళ్లు పోయి లోపల జంగు పడుతుంది, కూర వాసన కూడా నిలుస్తుంది. చివరగా అంచును పైకి పెట్టి లైటు కింద మెల్లగా తిప్పండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడ చుక్కలా మెరిస్తే అక్కడ మొద్దుబారినట్టు.

ఎంత ఖరీదైనా కత్తి మొద్దుబారుతుంది. కాబట్టి ఇంట్లో సాన పట్టేది ఎవరు అన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. సైకిల్ మీద చక్రం తిప్పుతూ వచ్చేవారి దగ్గర కత్తిపీట, కమ్మరి కత్తి పట్టించవచ్చు. పలుచటి కత్తి మాత్రం ఇవ్వకండి. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద అంచు కాలి నీలి రంగు తిరిగితే అక్కడ ఉక్కు మెత్తబడిపోతుంది, ఆ భాగం అరిగేదాకా పదును నిలవదు. సెట్టులో వచ్చే ఉక్కు కడ్డీ కూడా సాన కాదు. అది వంగిన అంచును సరిచేస్తుంది, అరిగిన అంచుకు పనిచేయదు. ‘ఎన్నటికీ పదును పెట్టనక్కర్లేదు’ అని రాసి ఉన్నవి సన్నటి రంపపు పళ్ల కత్తులు. టమాటను కొన్నాళ్లు బాగానే కోస్తాయి, పళ్లు అరిగాక ఇంట్లో చేయగలిగింది లేదు.

1000 నంబర్ సానరాయి ఒకటి కొనుక్కోండి. నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా, పది నిమిషాలన్నా నీళ్లలో ఉంచి, జారకుండా తడిబట్ట మీద పెట్టండి. 45 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడుకు వెన్ను రాయి మీద నుంచి 12 మిల్లీమీటర్లు లేస్తే 15 డిగ్రీల వాలు, 15 మిల్లీమీటర్లు లేస్తే 20 డిగ్రీలు. జర్మన్ రకానికి ఈ రెంటి మధ్య ఎక్కడైనా సరే, కానీ మొదట పెట్టిన ఎత్తు చివరిదాకా మారకూడదు. పిడి దగ్గర నుంచి మొన దాకా ఒకే వైపు రుద్దుతూ ఉంటే, కాసేపటికి అవతలి వైపు అంచు మీద వేలికి సన్నటి గరుకు తగులుతుంది. వేలిని వెన్ను నుంచి అంచు వైపుకే జరుపుతూ చూడాలి, అంచు వెంబడి ఎప్పుడూ జరపవద్దు. ఆ గరుకు బ్లేడు పొడవునా వచ్చేదాకా వైపు మార్చకండి. చాలామంది ఇక్కడే తొందరపడి రెండు వైపులా పది పదిసార్లు రుద్ది వదిలేస్తారు, అందుకే రాయి పని చేయలేదనుకుంటారు. రెండో వైపూ గరుకు వచ్చాక ఒత్తిడి తగ్గించి అటొకసారి ఇటొకసారి ఐదారుసార్లు రుద్దితే గరుకు ఊడిపోతుంది. మాగిన టమాట మీద కత్తి పెట్టి నొక్కకుండా లాగండి, తోలు తెగితే అయినట్టే. ఈ అరగంట రెండు మూడు నెలలకోసారి పెట్టేవాళ్లు లేకపోతే, మామూలు ధర కత్తి కొని మొద్దుబారితే మార్చుకోవడం నయం.

కింద పెట్టి కోసేది కూడా చూసుకోవాలి. మన వంటగట్లు ఎక్కువగా గ్రానైట్‌వే, కరీంనగర్ గోధుమరంగు బండ చాలా ఇళ్లలో ఉంటుంది. గ్రానైట్‌లోని పలుగు రాయి కత్తి ఉక్కు కంటే గట్టిది. నేరుగా గట్టు మీద ఉల్లిగడ్డ కోస్తే ఒక్కపూటలోనే పదును పోతుంది. స్టీల్ పలకా, గాజు పలకా అంతే. చెక్క లేదా మెత్తటి ప్లాస్టిక్ పలక వాడండి. మొత్తం డబ్బు కత్తికే పెట్టి పలక కొనకపోతే ఆ ఖర్చు వృథా.

సెట్టు కొనడం న్యాయమే అనిపించే సందర్భాలూ ఉన్నాయి. ఒకేసారి ఇద్దరు ముగ్గురు కోసే ఉమ్మడి ఇల్లు, కొత్తగా వేరు కాపురం పెట్టి ఒక్క కత్తీ లేని ఇల్లు. అప్పుడు కూడా మూడు నుంచి ఐదు పీసులది, స్టేక్ కత్తులు లేనిది చూడండి. చెక్క స్టాండు వస్తే కత్తిని కడిగి, పొడిబట్టతో తుడిచి, ఆరాకే దూర్చండి. తడిగా పెడితే వానకాలంలో ఆ గాడిలో బూజు పడుతుంది, స్టాండు లోపల తుడవడానికి వీలుండదు. బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే ఉప్పు మరకలు పడతాయి. చింతపండు పులుసు, నిమ్మరసం అంటితే వెంటనే కడగాలి.

డబ్బా తెరవక ముందే ఎంఆర్‌పీ, తయారుచేసినవాళ్ల లేదా దిగుమతి చేసినవాళ్ల చిరునామా, దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో ఉన్నాయా చూసుకోండి, ఇవి రాయడం తప్పనిసరి. వారంటీ కాగితంలో సాధారణంగా విరగడం, పిడి ఊడడం లాంటి తయారీ లోపాలే ఉంటాయి, పదును పోవడం ఉండదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే తిప్పి పంపే గడువు లోపలే వెన్ను, సందు, అంచు, టమాట నాలుగూ చూసేయండి. లోపం కనిపిస్తే కడగకుండా ఫొటో తీసి, బిల్లుతో కలిపి పంపండి. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు.