కేసు హిస్టరీ తీసుకోవడం – 4వ పాఠం: నడుంనొప్పి, మరిచిపోయిన బీసీజీ

మూత్రాశయ కేన్సర్‌కు బీసీజీ (టీబీకి వేసే టీకా మందే) లోపలికి ఎలా ఎక్కిస్తారో పోయిన పాఠంలో చూశాం. కేథటర్‌తో వారానికోసారి, ఆరు వారాలు. మర్నాటికి మూత్రంలో మంట, కాస్త ఒళ్లు వెచ్చబడటం మామూలే. ఈ పాఠం నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక బయటపడే అరుదైన చిక్కు గురించి.

గాజువాక నుంచి 70 ఏళ్ల రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి మీ ఓపీకి వచ్చారనుకోండి. రెండు నెలలుగా నడుంనొప్పి, సాయంత్రమైతే సన్నగా జ్వరం, బరువు తగ్గారు. ఎక్స్‌రేలో ఎముకల అరుగుదల ఉంది. నొప్పి మాత్రలు రాసి పంపేయడం తేలిక.

"పాత జబ్బులేమైనా ఉన్నాయా తాతగారూ?" అంటే "బీపీ తప్ప ఏం లేవమ్మా" అంటారు. కేన్సర్ అన్న మాట ఇంట్లోవాళ్లు ఆయన దాకా రానిచ్చి ఉండరు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. అందుకే ఇలా అడగండి: "ఎప్పుడైనా మూత్రంలో రక్తం పడిందా? గొట్టం వేసి లోపలికి మందు ఎక్కించారా?" అప్పుడు గుర్తొస్తుంది: "ఆఁ, రెండేళ్ల కిందట వారం వారం వెళ్లేవాణ్ణి." వెంట వచ్చిన కొడుకుని పక్కకు పిలిచి పాత ఫైలు తెప్పించండి.

బీసీజీలో ఉండేది బలహీనపరిచిన క్రిమే, చచ్చినది కాదు. కేథటర్ వేసేటప్పుడు గాయమైతే రక్తంలోకి చేరవచ్చు. కొవ్వు పేరుకున్న బృహద్ధమని గోడ మీద కుదురుకుని, లోలోపల తినేస్తుంది. గోడ పలచబడి ఉబ్బుతుంది. అదే మైకోటిక్ ఎన్యూరిజం. ఈయన నడుంనొప్పికి కారణం ఇదే కావచ్చు. పగిలితే మనిషి దక్కడం కష్టం.

పొట్ట మీద చెయ్యి వేసి, కొట్టుకునే గడ్డ ఉందేమో మెల్లగా చూడండి, గట్టిగా నొక్కొద్దు. చేతికి తగలకపోయినా అనుమానం వదలకండి. అదే రోజు సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలు చూపే స్కాన్) తీయించి, వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌కి ఫోన్ చేయండి.

మామూలు బ్లడ్ కల్చర్‌లో ఈ క్రిమి దొరకదు. టీబీ కల్చర్ అడగాలి, ఫారం మీద 'బీసీజీ ఎక్కించారు' అని రాయాలి. ఫలితానికి వారాలు పడుతుంది, అంతదాకా ఆగలేం. ఇంకొకటి, ఈ క్రిమి మీద మామూలు టీబీ మందుల్లో ఒకటైన పైరజినమైడ్ పనిచేయదు. కాబట్టి మామూలు టీబీ కోర్సు యథాతథంగా రాయకండి. చాలామందికి మందులతో పాటు ఆపరేషన్ కూడా కావాలి.

సాధన: 'కేన్సర్' అనకుండా ఈ హిస్టరీ రాబట్టే మూడు ప్రశ్నలు, మీ ఓపీలో పేషెంట్లు మాట్లాడే మాటల్లోనే రాయండి. వచ్చే పాఠంలో సీటీ ఫిల్ములు చూద్దాం.