నిజాం కాలపు స్పెసిమెన్ నోటు (చలామణికి కాక నమూనాగా అచ్చువేసిన నోటు) పట్టుకునే ముందు జాగ్రత్తలు

☐ చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ గ్లౌజులు వద్దు. వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి.

☐ టేబుల్ మీద తెల్ల కాగితం పరచండి. ఫ్యాన్ ఆపండి. టీ గ్లాసు పక్క గదిలో ఉండాలి. రాసుకోవడానికి పెన్సిలే, పెన్ను వద్దు.

☐ పదింతల భూతద్దం, యూవీ టార్చి దగ్గర ఉంచుకోండి. ‘స్పెసిమెన్’ ముద్రను భూతద్దంలో చూడండి. లేజర్ ప్రింటర్‌తో కొట్టిన దొంగ ముద్ర అయితే పొడి మెరుస్తూ కాగితం పైనే నిలుస్తుంది, అక్షరాల చుట్టూ సన్నటి చుక్కలు చెదిరి ఉంటాయి. నోటు చెల్లదని తెలిపేలా కొట్టిన రద్దు చిల్లులుంటే లోపలి అంచు చూడండి: నోటంతా పాతబడి చిల్లు అంచు మాత్రం తెల్లగా ఉంటే అది ఈమధ్య కొట్టిందే. యూవీలో కాగితం నీలంగా వెలిగితే కొనకండి.

☐ సంతకం లేదు కదా అని స్పెసిమెన్ అనుకోవద్దు. హైదరాబాద్ నోట్లు లండన్‌లో వాటర్‌లో అండ్ సన్స్ అనే సంస్థ అచ్చువేసేది. అవి తెస్తూ 1922లో మునిగిన ‘ఈజిప్ట్’ ఓడలోంచి సంతకం పడని నోట్లు తర్వాత బయటికి తీశారు. అవి వేరే కోవ. చాలామంది పొరబడేది ఇక్కడే.

☐ తేదీ ఫసలీలో (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సర లెక్క) ఉంటే, క్రీస్తు శకం సంవత్సరం కోసం సుమారు 590 కలిపి చూసుకోండి.

☐ పీవీసీ కవర్లు వద్దు, కాలక్రమేణా జిగురెక్కి నోటును పాడుచేస్తాయి. పాలిస్టర్ కవరే వాడండి. లామినేషన్, సెల్లోటేపు అసలే వద్దు.

☐ వానాకాలంలో బీరువాలో రంగు మారే రకం సిలికా జెల్ పెట్టి, అది తడి పీల్చి రంగు మారగానే మార్చండి.